బ్రైడిల్‌వేల మీద మౌంటెన్ బైక్: గుర్రాలు, బురద, మిగతా గొడవలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

రెడింగ్‌లో ఉంటాను. ఏడేళ్లుగా శనివారం పొద్దున్నే బైక్ తీసుకుని అడవిలోకి పోతున్నాను. కొత్తగా బైక్ కొన్న మనవాళ్లు ఎవరు కలిసినా అడిగేవి ఇవే ప్రశ్నలు, ఒక్కొక్కళ్లకీ ఫోన్లో చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా. ఇదంతా ఇంగ్లండ్ సంగతి, అందులోనూ బ్రాక్నెల్ నుంచి సర్రే హిల్స్ దాకా నేను తొక్కిన అడవుల సంగతి.

బ్రైడిల్‌వే అంటే అసలు ఏంటి?

బ్రైడిల్ అంటే కళ్లెం. అంటే గుర్రాలు నడిచే హక్కున్న దారి అన్నమాట. పొలాల మధ్య నుంచి, అడవుల్లోంచి, కొన్నిచోట్ల ఎవరో ఒకాయన ఇంటి పెరడు పక్క నుంచే పోతుంది, నేల ఆయనదే, కానీ దాని మీద పోయే హక్కు జనానిది. నడిచేవాళ్లకీ గుర్రాలకీ ఈ హక్కు ఎప్పటినుంచో ఉంది. సైకిళ్లకి వచ్చింది మాత్రం 1968లో, కంట్రీసైడ్ యాక్ట్ 30వ సెక్షన్‌తో. ఆ సెక్షన్లోనే ఇంకో ముక్క కూడా ఉంది, చాలామందికి అది తెలియదు: సైకిల్ మీద పోయేవాడు నడిచేవాళ్లకీ గుర్రం మీద పోయేవాళ్లకీ దారి ఇవ్వాలి. మర్యాద కోసం చెప్పిన మాట కాదిది, చట్టం. సైకిళ్లకి అనువుగా ఆ దారిని బాగుచేయాల్సిన బాధ్యత కూడా ఎవరికీ లేదు. గుంతలున్నాయని కౌన్సిల్ మీద ఎగరొద్దు, అవి గుర్రాల దారులు, మనల్ని తర్వాత రానిచ్చారు.

మరి ఫుట్‌పాత్ మీద తొక్కితే పోలీసులు పట్టుకుంటారా?

రోడ్డు పక్క పేవ్‌మెంట్ గురించి కాదు, పొలాల్లో, అడవుల్లో ఉండే పబ్లిక్ ఫుట్‌పాత్ గురించి చెప్తున్నా. అక్కడ మనకి హక్కు లేదు. తొక్కితే మామూలుగా అది నేరం కాదు, నేల యజమానికీ మనకీ మధ్య సివిల్ తగాదా, అతిక్రమణ కింద వస్తుంది. ప్రత్యేకంగా బైలా, అంటే ఆ చోటికి పెట్టిన స్థానిక నియమం, ఉన్నచోట మాత్రం నేరమే అవుతుంది. జైల్లో వేయరు కదా అని దూసుకుపోయే బ్యాచ్ ఒకటి ఉంది. వాళ్ల వల్లే ఆదివారం కుక్కతో నడిచే పెద్దాయన బ్రైడిల్‌వే మీద మన పాటికి మనం పోతున్నా గుర్రుగా చూస్తాడు.

ఏది ఫుట్‌పాత్, ఏది బ్రైడిల్‌వే? అన్నీ ఒకేలా ఉన్నాయి కదా!

నేల చూస్తే తెలియదు, నిజమే. గేటు పక్క గుంజ మీద బాణం రంగు చూడండి. పసుపు బాణం ఫుట్‌పాత్, మనది కాదు. నీలం బాణం బ్రైడిల్‌వే. ఊదా రంగుదాన్ని రెస్ట్రిక్టెడ్ బైవే అంటారు, ఎరుపుది అన్ని వాహనాలకీ తెరిచిన బైవే, ఈ రెండింటి మీదా సైకిల్ పోవచ్చు. బాణం విరిగిపోయో, పొదల్లో కప్పబడిపోయో ఉంటే ఆర్డ్నెన్స్ సర్వే అనే ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ వేసే మ్యాప్ ఒక్కటే దిక్కు. 1:25,000 స్కేలు మ్యాపులో పొట్టి ఆకుపచ్చ గీతలు ఫుట్‌పాత్, పొడుగు ఆకుపచ్చ గీతలు బ్రైడిల్‌వే. ఫోన్లో గూగుల్ మ్యాప్ చూసి అడవిలోకి దిగకండి, ఏ దారి మీద ఎవరికి హక్కుందో అది చెప్పదు. ఇంగ్లండ్‌లో ఉన్న ఇలాంటి దారులన్నిట్లో మనకీ గుర్రాలకీ దక్కేది అయిదో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. గుర్రాలతో గొడవ పెట్టుకుంటే పోటీ పడేది కూడా ఆ కొంచెం మీదే.

మొదటిసారి ఎక్కడికి వెళ్లాలి?

స్విన్లీ ఫారెస్ట్. బ్రాక్నెల్ పక్కనే, నేల క్రౌన్ ఎస్టేట్ (రాజు హోదాకి చెందిన ఆస్తులు చూసే సంస్థ)ది, 'లుకౌట్' అనే సందర్శకుల కేంద్రం దగ్గర కారు పెట్టుకోవచ్చు, పార్కింగ్‌కి డబ్బులు తీసుకుంటారు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని రంగులేసిన ట్రయిల్స్ ఉన్నాయి, ఆకుపచ్చ చిన్నపిల్లలకి కూడా సరిపోతుంది, ఎరుపుకి కాస్త చెయ్యి తిరగాలి. ఇవి మౌంటెన్ బైకుల కోసమే వేసినవి, ఒకవైపే పోవాలి, మలుపు తిరిగితే గుర్రం ఎదురొస్తుందన్న భయం ఉండదు. నాలుగైదు సార్లు అక్కడ తొక్కి, పెడల్ మీద నిలబడి దిగడం, బ్రేక్ ఒక్క వేలితో పట్టడం అలవాటు చేసుకున్నాక సర్రే హిల్స్‌కి రండి.

సర్రే హిల్స్ అంటే మాకు ముఖ్యంగా మూడు గుట్టలు: లీత్ హిల్, హోంబరీ హిల్, పిచ్ హిల్. లీత్ హిల్ 294 మీటర్లు, మన యాదగిరిగుట్టనో తిరుమలనో చూసినవాళ్లకి ఇదో కొండా అనిపిస్తుంది. సరే, రెండుసార్లు ఎక్కి చెప్పండి. కారు లేనివాళ్లకి ఓ మంచి సంగతి, రెడింగ్ నుంచి గిల్‌ఫర్డ్ మీదుగా రెడ్‌హిల్ పోయే లైన్లో గోంషాల్ అనే చిన్న స్టేషన్ ఉంది, అక్కడ దిగితే పీస్లేక్ ఊరు రెండు మూడు మైళ్లు. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, తిరుగు టైమ్ చూసుకునే బయల్దేరండి. నేను ఓ డిసెంబర్ సాయంత్రం చూసుకోలేదు, తడిసిన సాక్సులతో ఖాళీ ప్లాట్‌ఫామ్ మీద గంటన్నర కూర్చున్నాను. పీస్లేక్‌లో ఊరి కొట్టు ఒకటుంది, దాని చీజ్ స్ట్రాలకి, అంటే చీజ్ వేసి కాల్చిన పొడుగు పుల్లల్లాంటివాటికి, మౌంటెన్ బైకర్లలో పెద్ద పేరు. మన పకోడీ ముందు పనికిరావు గానీ, ఆ చలిలో వేడిగా దొరికితే వంక పెట్టబుద్ధి కాదు.

గుర్రం ఎదురొస్తే ఏం చేయాలి?

ఆగాలి. ఇక్కడ ఎంతమంది చదవడం ఆపేస్తారో తెలియదు కాబట్టి ముందు ఆ ఒక్క మాట చెప్పేశాను.

నాకు ఇది తెలిసొచ్చిన రోజు చెప్తాను. ఓ నవంబర్ పొద్దున, హోంబరీ మీద నుంచి కిందికి దిగుతున్నా. రెండు పక్కలా గట్లు మనిషెత్తున లేచి మధ్యలో కాలువలా పోయే బ్రైడిల్‌వే, పైన చెట్లు కలిసిపోయి చీకటిగా ఉంది, నేలంతా తడి ఆకులు. మలుపు తిరిగానో లేదో ఎదురుగా తెల్ల గుర్రం. ఇద్దరికీ మధ్య మా హాలు పొడవంత దూరం కూడా లేదు. నేను రెండు బ్రేకులూ నొక్కేశాను, వెనక చక్రం జారి ముళ్లపొదలోకి పోయింది, ఆ చప్పుడుకి గుర్రం ఒక్కసారిగా పక్కకి గెంతింది, వెనక గిట్టలు ఆకుల మీద జారాయి. జీను మీద ఉన్నావిడకి అరవై దాటి ఉంటాయి. పడలేదు. కళ్లెం బిగించి, మెడ మీద తట్టి, దాన్ని నిలబెట్టి, అప్పుడు నా వైపు చూసింది. తిడుతుందనుకున్నా. "మాట్లాడు," అంది. ఏం మాట్లాడాలో తెలియక సారీ అన్నాను. "నాతో కాదు, దాంతో. నువ్వు మనిషివని దానికి తెలియాలి కదా." హెల్మెట్, కళ్లద్దాలు, మెడ నుంచి ముక్కు దాకా లాగిన బఫ్ గుడ్డ, కింద మెరిసే ఇనుము, నిజమే, నేను ఎవరికైనా మనిషిలా కనిపించే అవతారంలో లేను. టెన్షన్‌లో ఇంగ్లీషు రాలేదు. "ఏం లేదమ్మా, ఏం లేదు, నేనే, భయపడకు" అని తెలుగులోనే అనేశాను. దానికేం అర్థమైందో గానీ చెవులు రెండూ నా వైపు తిప్పింది. కాసేపటికి తల దించింది. వాళ్లు వెళ్లేదాకా ఆ ముళ్లలోనే నిలబడ్డాను.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకి దొరికే జంతువు. అనుమానం రాగానే పరుగెత్తడం దాని రక్తంలో ఉంది, ఆలోచించడం తర్వాత. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా వెనక, నుదుటి ముందు కాస్త చోటు మాత్రం కనిపించదు. మనం చప్పుడు చేయకుండా వెనక నుంచి వస్తే దాని లెక్కలో మనం పులి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత ఉంది కదా, ఇక్కడ రౌతు పన్నెండేళ్ల అమ్మాయి కూడా కావచ్చు, అది నిజంగా భయపడితే ఆ పిల్ల ఏం ఆపగలదు?

అందుకని దూరం నుంచే వేగం తగ్గించండి. ఎదురొస్తుంటే దారి వెడల్పుగా ఉన్నచోట పక్కకి జరిగి, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడండి. గట్టు మీదికి ఎక్కి పొదల చాటున నిలబడకండి, చాటున కదలకుండా ఉన్న ఆకారం దాన్ని ఇంకా భయపెడుతుంది. కనిపించేలా నిలబడి 'గుడ్ మార్నింగ్' అనండి, వాతావరణం గురించి ఓ మాట అనండి, ఏదో ఒకటి. రౌతు 'రండి' అంటేనే కదలండి.

వెనక నుంచి వస్తుంటే బెల్ కొట్టాలా, కేక వేయాలా?

నా ఓటు మాటకే. బెల్ కొన్ని గుర్రాలకి అలవాటే, కొన్నిటికి కాదు, మనిషి గొంతు అన్నిటికీ అలవాటే. బ్రిటిష్ హార్స్ సొసైటీ, సైక్లింగ్ యూకే కలిసి 'బీ నైస్, సే హై' అని ప్రచారం చేస్తాయి, అందులో ఉన్నదీ ఇదే. ఇరవై ముప్పై అడుగుల దూరంలోనే "హలో, వెనకాల ఒక సైకిల్" అని మామూలు గొంతుతో చెప్పండి, వినపడకపోతే ఇంకోసారి. జవాబు రాకుండా దాటొద్దు. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్, దాని 63వ రూల్ ప్రకారం గుర్రాన్ని దాని ఎడమవైపు నుంచి దాటకూడదు. కుడివైపు నుంచి, నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో, వీలైనంత ఎడంగా పోండి. దాటగానే సర్రున లాగకండి, పెడల్ ఆపితే వెనక చక్రం మధ్యలోని ఫ్రీహబ్ చేసే టకటక చప్పుడుకి ఉలిక్కిపడే గుర్రాలున్నాయి, నెమ్మదిగా పెడల్ తిప్పుతూనే ఉంటే ఆ చప్పుడు రాదు. నలుగురైదుగురు కలిసి పోతుంటే ముందువాడు "ఇంకా నలుగురున్నారు" అని చెప్పాలి. మొదటివాణ్ణి చూసి స్థిమితపడ్డ గుర్రం నాలుగోవాడికి బెదురుతుంది.

గుర్రపు లద్దె దారి మధ్యలోనే ఉంటుంది, ఎవరూ తీయరా?

తీయరు. గడ్డే కదా, రెండు వానలకి పోతుంది. నోరు మూసుకుని తొక్కండి, ముందు చక్రానికి మడ్‌గార్డ్ ఓ పదిహేను పౌండ్లు.

నడిచేవాళ్లు, కుక్కలు?

నడిచేవాళ్లలో చెవుడున్నవాళ్లుంటారు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువ. పలకలేదంటే పొగరనుకోకండి. కుక్క విడిగా తిరుగుతుంటే ఆగి యజమాని పిలిచేదాకా చూడండి, చక్రాన్ని తరమడం కొన్నిటికి సరదా. గేటు మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి, ఎలా ఉందో అలాగే వదలండి, గొర్రెలున్నచోట ఇది మర్చిపోతే ఆ రైతు మనల్ని ఎన్నేళ్లయినా గుర్తుపెట్టుకుంటాడు.

'బ్యారీ నోస్ బెస్ట్' లాంటి పేర్లున్న ట్రయిల్స్ మ్యాపులో లేవు. అక్కడ తొక్కొచ్చా?

ఇది కాస్త చిక్కు ప్రశ్న. హోంబరీ, పిచ్ హిల్ ఉన్న హర్ట్‌వుడ్ ప్రైవేటు ఆస్తి. 1926లో అప్పటి యజమాని అక్కడ జనం తిరగడానికి ఒప్పుకున్నాడు, ఇప్పుడు దాన్ని చూసుకునేది విరాళాల మీద నడిచే సంస్థ. మీరన్న ట్రయిల్, 'యోగర్ట్ పాట్స్', లీత్ హిల్ వైపు 'సమ్మర్ లైట్నింగ్', ఇవన్నీ పబ్లిక్ బ్రైడిల్‌వేలు కావు, యజమానులు ఒప్పుకోబట్టి నడుస్తున్నవి. హక్కు వేరు, అనుమతి వేరు. అనుమతి ఇచ్చినవాళ్లు రేపు వద్దనొచ్చు. కాబట్టి ట్రయిల్ మూశామని బోర్డు పెడితే తిరిగొచ్చేయండి, పార తీసుకెళ్లి కొత్త జంపులు కట్టకండి, ఏప్రిల్ మే నెలల్లో బ్లూబెల్ పూలు పరుచుకుని ఉన్నచోట కొత్త అడ్డదారి వేయకండి. ఏటా ఓ ఇరవై పౌండ్లు విరాళం ఇస్తాను నేను, జిమ్ ఒక నెల ఫీజు కంటే తక్కువ.

వానాకాలం తొక్కొచ్చా?

ఇక్కడ వానాకాలం ఎప్పుడు కాదో చెప్పండి ముందు. నేలని బట్టి ఉంటుంది. లీత్, హోంబరీ గుట్టలది గ్రీన్‌సాండ్, ఇసుకరాయి నేల, నీళ్లు ఇంకిపోతాయి, జనవరిలో కూడా తొక్కగలిగేలా ఉంటుంది. బాక్స్ హిల్ ఉన్న నార్త్ డౌన్స్‌ది సుద్ద నేల, తడిస్తే సబ్బు రాసిన గచ్చే, మధ్యలో చెకుముకి రాళ్లు టైరు కోస్తాయి. ఇంకా దక్షిణానికి దిగితే బంకమన్ను, అది నల్లరేగడికి తమ్ముడే, చక్రానికీ ఫ్రేముకీ మధ్య పట్టేసి బైకుని మోసుకెళ్లాల్సి వస్తుంది. నీటిగుంత వస్తే పక్కనుంచి పోకుండా మధ్యలోంచే పోండి, అందరూ పక్కనుంచి పోతుంటే ఏడాదికి అడుగు దారి ఆరడుగులవుతుంది. వెనక బ్రేకు బిగించి జారుతూ దిగడం వీడియోల్లో బాగుంటుంది, ఆ గాడిలో తర్వాత వాన నీరు పారి దారి కోసుకుపోతుంది.

ఏ బైక్ కొనాలి?

హార్డ్‌టెయిల్. ముందు ఫోర్క్ మాత్రమే కదిలేది, 120 నుంచి 140 మిల్లీమీటర్ల ట్రావెల్ (ఫోర్క్ లోపలికి నొక్కుకుపోయే దూరం), హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. కొత్తదయినా వెయ్యి పౌండ్ల లోపు మంచిది దొరుకుతుంది. నా మొదటి బైక్ ఓ పెద్ద షాపులో 200 పౌండ్లకి కొన్నాను, ముందూ వెనకా స్ప్రింగులు చూసి మురిసిపోయాను, మూడో వారం దిగుడులో బ్రేక్ లివరు హ్యాండిల్‌బార్ దాకా వచ్చేసింది. తీసుకెళ్తే "ఇది అడవిలో తొక్కడానికి కాదండీ" అన్నారు. బైక్ మీద మౌంటెన్ అని రాసి ఉంది మరి. ఆఫీసులో సైకిల్ టు వర్క్ స్కీమ్ ఉంటే వాడుకోండి, బైక్ డబ్బులు పన్ను కోతకి ముందే జీతంలోంచి పోతాయి. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం కాగితాల్లో జీతం తగ్గి కనిపిస్తుంది కాబట్టి సంతకం పెట్టేముందు హెచ్ఆర్‌ని అడగండి. టైర్లలో గాలి రోడ్డు సైకిల్లా రాయిలా కొట్టకండి, నా బరువు 74 కిలోలు, ట్యూబ్‌లెస్ టైర్లలో 25 పీఎస్ఐ దగ్గర ఉంచుతాను.

ఈ-బైక్ బ్రైడిల్‌వే మీద పోవచ్చా?

మోటారు 250 వాట్లు మించకుండా, పెడల్ తొక్కితేనే సాయం వచ్చేలా, గంటకి 15.5 మైళ్లు దాటగానే ఆగిపోయేలా ఉంటే చట్టం దృష్టిలో అది మామూలు సైకిలే, 14 ఏళ్లు నిండి ఉంటే చాలు. ఆ పరిమితి తీయించిన బండ్లు చట్టం ప్రకారం మోటారు వాహనాలు, వాటికి బ్రైడిల్‌వే మీద చోటు లేదు. ఈ-బైక్ ఎగుడులో కూడా వేగంగా వస్తుంది, ఎగుడులో వెనక నుంచి ఎవరో వస్తారని ఏ రౌతూ అనుకోడు, కేక ఇంకాస్త ముందే వేయండి.

స్ట్రావాలో రికార్డు కొట్టాలని ఉంది...

స్ట్రావా అంటే ఏ దారిలో ఎవరు ఎంత వేగంగా పోయారో లెక్కపెట్టే ఫోన్ యాప్. రికార్డులు స్విన్లీలో కొట్టుకోండి. పబ్లిక్ బ్రైడిల్‌వే మీద అనుమతి లేకుండా రేసు పెట్టడం నేరం. ఫోన్లో ఒంటరిగా గడియారంతో పోటీ పడటాన్ని రేసు అంటారో లేదో లాయర్లు తేల్చుకుంటారు, మలుపు తర్వాత గుర్రం ఉందో లేదో మాత్రం స్ట్రావా చెప్పదు.

పిడుదులు కుడతాయంట, నిజమేనా?

నిజమే. మన ఊళ్లో గేదెలకి పట్టే పిడుదులే, మా వైపు గోమార్లు అంటారు, ఇక్కడివి ఇంకా చిన్నవి, కొన్ని గసగసాలంత. బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లో, పొడుగు గడ్డిలో ఉంటాయి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో చూసుకోండి. కనిపిస్తే నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి నాటువైద్యాలు చేయకండి, సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ వలయంలా పెరుగుతుంటే డాక్టర్‌కి చూపించండి. అది లైమ్ వ్యాధి కావచ్చు, తొందరగా పట్టుకుంటే యాంటీబయోటిక్స్‌తో తగ్గుతుంది. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు అంత స్పష్టంగా కనిపించదు, బొమ్మల్లో చూసినట్టు లేదని వదిలేయకండి.

ఒక్కణ్ణే పోవచ్చా? పడితే?

నేను పోతాను. వెళ్లేముందు ఏ గుట్ట, ఎన్నింటికి తిరిగొస్తాను అని ఇంట్లో చెప్పి పోతాను. హెల్మెట్ ఇక్కడి చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, నా లెక్కలో తప్పనిసరి. లోయల్లో సిగ్నల్ ఒక గీత కూడా ఉండదు, మాట పోకపోయినా మెసేజ్ పోవచ్చు. ఇక్కడి అత్యవసర నంబరు 999కి మెసేజ్ పంపాలంటే ముందే రిజిస్టర్ చేసుకోవాలి, 'రిజిస్టర్' అన్న ఒక్క మాట ఇంగ్లీషులో 999కి మెసేజ్ చేయండి, ఏం చేయాలో వాళ్లే చెప్తారు. ఇప్పుడే చేసేయండి, అర నిమిషం పని. మనం మ్యాపులో ఎక్కడున్నామో చెప్పే అక్షరాలు, అంకెలు, అంటే గ్రిడ్ రిఫరెన్స్, ఫోన్లో ఎక్కడ చూడాలో కూడా తెలుసుకుని ఉండండి. "పెద్ద చెట్టు పక్కన" అంటే అక్కడ అన్నీ పెద్ద చెట్లే.

స్కాట్లండ్‌లో కూడా ఇవే రూల్సా?

కాదు. అక్కడ 2003 నాటి ల్యాండ్ రిఫార్మ్ చట్టం ప్రకారం బాధ్యతగా ఉన్నంతవరకు చాలాచోట్ల సైకిల్ మీద పోవచ్చు, ఫుట్‌పాత్, బ్రైడిల్‌వే అన్న పేచీ పెద్దగా లేదు. వేల్స్‌లో ఇంగ్లండ్ లాగే.

ఇంటికొచ్చాక బైక్ ఎలా కడగాలి? మాది రెండో అంతస్తు ఫ్లాట్.

మాదీ అంతే. ప్రెజర్ వాషర్‌తో బేరింగుల మీదికి కొట్టకండి, గ్రీజు పోయి తుప్పు పడుతుంది. ఓ బకెట్ నీళ్లు, పాత గిన్నెలు తోమే బ్రష్, కార్ పార్కులో ఓ మూల, పది నిమిషాలు. చైన్ గుడ్డతో తుడిచి, ఆరాక లింకుకో చుక్క నూనె వేసి, మళ్లీ తుడవండి. బురద బైకుని లిఫ్టులో ఎక్కించిన మొదటిసారి కింద ఫ్లాటావిడ తలుపు మీద చీటీ అంటించి పోయింది. అప్పట్నుంచి షూ కూడా కిందే విప్పి చేత్తో పట్టుకుని ఎక్కుతున్నాను.